చెయ్యి వేసినోళ్ల కారు

మాఘం వచ్చిందంటే మా బాల్కొండలో గాలే వేరుగా ఉండేది. చేన్లలో పసుపు ఆకు కోసిన పచ్చి వాసన, తవ్విన చోట లేచే తడిమట్టి వాసన ఒక దిక్కు, కల్లాల దగ్గర పెద్ద ఇనుప కడాయిల్లో కొమ్ములు ఉడుకుతుంటే లేచే ఘాటు ఆవిరి ఇంకో దిక్కు. అవన్నీ కలిసి ఖిల్లా గుట్టను చుట్టుకొని గల్లీల్లోకి దిగి, దండేల మీద ఆరేసిన బట్టలకు పట్టి, మేము బడికి వేసుకుపోయే అంగీలను కూడా విడిచేవి కావు. మిరుగంలో మక్కలతో కలిపి పెట్టిన పసుపు, మక్క కంకులు కోసుకున్నాక కూడా చలికాలమంతా చేన్లోనే ఉండి, దగ్గర దగ్గర తొమ్మిది నెలలకు గాని చేతికి వచ్చేది కాదు. వచ్చినా పని అయిపోయినట్టు కాదు. కొమ్ము వేరు, గోళ వేరు చేయాలి, ఉడకబెట్టాలి, రెండు వారాలు ఎండబెట్టాలి, డ్రమ్ములో పోసి తిప్పి తిప్పి మెరుగు పెట్టాలి. ఆడా మగా పిల్లా ముసలీ అందరి చేతులూ అప్పుడు పచ్చగానే ఉండేవి. అన్నం కలుపుకున్నా ఆ పచ్చదనం పోయేది కాదు.

ఆ సంచులను నిజామాబాద్ గంజ్‌కు తోలి, అడ్తి దుకాణం ముందర రాసులు పోసి, వేలంపాట అయ్యి, దడ్వాయి కాంటా వేసి, లెక్క రాసిన తక్‌పట్టీ చేతికి వచ్చే దాకా మా ఇంట్లో పెద్దోళ్లకు కంటి మీద కునుకు ఉండేది కాదు. ధర అన్నది మన చేతిలో లేనిది. ఒక ఏడు ఏడిపించేది, ఒక ఏడు ఆదుకునేది. 1980కి అటూ ఇటూగా అట్లా ఆదుకున్న ఒక ఏడు, అప్పులు తీరి ఇంకా నాలుగు పైసలు మిగిలితే, పసుపు సంచులతో పాటు లారీలో గంజ్‌కు పోయిన మా పెద్దబాపు, తిరిగి కారులో వచ్చాడు.

ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే పైసలుంటే సరిపోయేది కాదు, పేరు రాయించుకొని ఏండ్ల తరబడి ఎదురుచూడాలి. దేశం మొత్తానికి దొరికేవే రెండు మూడు రకాలు. అందుకని మా దిక్కు ఎవరు కారు కొన్నా పాత కారే కొనేవారు. పెద్దబాపు తెచ్చింది అంబాసిడర్, మార్క్ 2. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1958 నుంచి చేస్తూ వచ్చిన బండి. మా ఇంటికి వచ్చేసరికి అది ముగ్గురి చేతులు మారింది. మొదట ఒక ఆఫీసర్ దగ్గర, తర్వాత ఒక సేఠ్ దగ్గర, ఆ తర్వాత టాక్సీగా తిరిగి తిరిగి, ఎముకలు అరిగాక మా గల్లీకి చేరింది. ఒకప్పుడు మీగడ రంగంట. మేము చూసేసరికి ఎండకు వెలిసి, తలుపుల కింద తుప్పు ఎక్కి, ఏ రంగో చెప్పరాకుండా ఉండేది.

ముందర బల్ల సీటు, గేరు రాడ్ స్టీరింగ్ పక్కన. అందుకని ముందర ముగ్గురు పెద్దోళ్లు, వాళ్ల ఒళ్లో ఇద్దరు పిల్లలు, వెనక ఎంతమంది పడితే అంతమంది. సీటు మీది రెగ్జిన్ పగిలిన చోట పీచు బయటికి వచ్చి తొడలకు గుచ్చుకునేది. తలుపు మూసుకోగానే పెట్రోలు, పాత రెగ్జిను, డిక్కీలో పరిచిన గోనెల పసుపు, మూడు వాసనలు ఒక్కటై ముక్కుకు తగిలేవి. ఆ వాసన మీలో ఎవరికైనా గుర్తుంటే మనం ఒక్క కాలపు పిల్లలమే.

ఆ కారు తనంతట తాను స్టార్ట్ అయిన పొద్దును ఇంట్లో శుభశకునంగా లెక్కపెట్టేవారు. బ్యాటరీ ముసలిది. రాత్రి చలికి చల్లబడితే తెల్లారి సెల్ఫ్ కొట్టినా కుయ్యిమని మూలిగి ఊరుకునేది. అందుకే పెద్దబాపు ప్రతి సాయంత్రం కారును గుట్ట దిక్కు ఎత్తుమీదికి తీసుకుపోయి, మూతి కిందికి ఉండేటట్టు నిలిపి, రెండు చక్రాల కింద రాళ్లు పెట్టించేవాడు. పొద్దున ఆ రాళ్లు తీసి, రెండో గేరులో వేసి క్లచ్ తొక్కి పట్టుకొని, కారు దొర్లుతుంటే దబ్బున క్లచ్ విడిచేవాడు. ఇంజను ఒక్కసారి ఎగిరిపడి అందుకునేది. అందుకోకపోతే కిందికి దొర్లిన కారును మళ్లీ మీదికి నూకాలి. అక్కడ మొదలయ్యేది గల్లీ పని.

"అరేయ్, జర చెయ్యి వెయ్యుండ్రిరా" అని పెద్దబాపు ఒక్క కేక వేస్తే చాలు. పాలు పిండుతున్నోళ్లు చెంబు పక్కన పెట్టి, ఎడ్లను తోలుకుపోతున్నోళ్లు పగ్గం గోడ కొయ్యకు తగిలించి, పండ్లు తోముకుంటున్నోళ్లు వేపపుల్ల నోట్లోనే ఉంచుకొని వచ్చేవారు. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని అరుగుల మీద కూర్చున్న అక్కలు, వదినెలు చాట దించి, "మేము పట్టకుంటే అది కదుల్తదా" అని లేచేవారు. మేము పిల్లలం అందరి కాళ్ల మధ్యలో దూరి, చెయ్యి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆనించేవాళ్లం. మా బలం ఎంతో, అది ఎక్కడికి పోయేదో తెలియదు గాని, ఇంజను అందుకున్న క్షణాన మొత్తం గల్లీ ఒక్క గొంతుతో అరిచేది. పొగ పోయాక ఒకరి మొకం ఒకరు చూసుకొని ఎవరి పనికి వాళ్లు పోయేవారు.

ఇందులో మా బాపమ్మ పెట్టిన ఒక పద్ధతి ఉండేది. పొద్దుగాల ఎవరెవరు వచ్చి నూకిన్రో గల్మలో కూర్చొని చూసేది, మనసులో పెట్టుకునేది. సాయంత్రం ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి బిడ్డ అత్తగారింటికి పోవాలన్నా, నిజామాబాద్‌ల కోర్టు వాయిదా ఉన్నా, వాళ్లు నోరు తెరిచి అడగక ముందే బాపమ్మ పెద్దబాపును పిలిచేది. "చెయ్యి వేసినోనికి సీటు ఉంటది బిడ్డా. నువ్వు నూకించుకుంటివి, ఇగ వాళ్లను తోలుకపో" అనేది. పెద్దబాపు మాట్లాడకుండా తాళం చెవి తీసుకునేవాడు. పెట్రోలు ఎవరు పోయాలన్న మాట ఆ ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు. పోసేటోళ్లు పోసేవారు, పోయలేనోళ్లు మక్క కంకులో, చిక్కుడుకాయలో ఒక గంపలో తెచ్చి గల్మలో పెట్టిపోయేవారు.

ఎత్తు లేని ఊళ్లో, నూకే మనుషులు లేని చోట నిలిచిపోతే ఇనుప రాడ్డే దిక్కు. బంపర్ సందులోంచి రాడ్డు దూర్చి, ఇంజనుకు తగిలించి, కింది నుంచి మీదికి గట్టిగా తిప్పాలి. ఆ పని మా కాకది. అప్పుడప్పుడు ఇంజను వెనక్కి తన్నేది. రాడ్డు ఎదురు తిరిగితే మణికట్టు విరుగుతుంది. అందుకని బొటనవేలును రాడ్డు చుట్టూ వేయొద్దు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టాలి, అప్పుడు తన్నినా రాడ్డు చేతిలోంచి జారిపోతుంది. కాక మాకు ఈ సంగతి నాగలి పట్టుడు నేర్పినంత శ్రద్ధగా నేర్పాడు. ఇప్పటికీ ఏ ఇనుప పిడి పట్టుకున్నా నా బొటనవేలు తనంతట తానే పక్కకు జరుగుతుంది.

ఎండాకాలం ఆ కారు కష్టాలు వేరు. వైశాఖపు ఎండలో ఆర్మూర్ పోయే తొవ్వలో పెర్కిట్ దాటకముందే ఇంజను దగ్గరి వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి, ఇంజనుకు అందక, బండి రెండు మూడు సార్లు దగ్గి నిలిచిపోయేది. తొందరపడి లాభం లేదు. వేప చెట్టు కిందికి నూకి, బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పి, అది చల్లబడేదాకా కూర్చోవాలి. అందుకని మా డిక్కీలో స్టెప్నీ, జాకీతో పాటు ఎప్పుడూ ఒక నీళ్ల క్యాను, రెండు పాత పంచె ముక్కలు, ఒక సబ్బు బిళ్ల, ఒక పసుపు పొట్లం ఉండేవి.

సబ్బు పెట్రోల్ ట్యాంకుకు. రాయి తగిలి సన్నగా చెమ్మ కారితే, తడి చేసిన సబ్బును ఆ చోట గట్టిగా రుద్దితే, పెట్రోలుకు సబ్బు కరగదు గనుక ఆర్మూర్ చేరే దాకా ఆగేది. పసుపు రేడియేటర్‌కు. సూది మొనంత రంధ్రం పడి నీళ్లు పోతుంటే, మూత మీద తడి గోనె వేసి, ఆవిరి తగ్గాక మెల్లగా తిప్పి తీసి, గుప్పెడు పసుపు అందులో పోసేవారు. ఆ పొడి నీళ్లలో నాని ఉబ్బి, నీళ్లతో పాటు పోయి పోయి ఆ రంధ్రం దగ్గరే కూరుకునేది. దేశమంతటా లారీ డ్రైవర్లకు తెలిసిన చిట్కానే గాని, మా ఇంటి చేనులో పండి, మా అవ్వ రోట్లో దంచిన పసుపు మా కారు గాయానికి అడ్డం పడుతుంటే, మాకు అది చేతికి తెగితే పసుపు అద్దినంత మామూలు సంగతిగా ఉండేది.

వానాకాలంలో వైపరు పని చేసేది కాదు. దానికి రెండు దిక్కులా సన్న తాడు కట్టి, ఒక కొస ఎడమ కిటికీలోంచి నాకు, ఇంకో కొస కుడి కిటికీలోంచి వెనక సీటులో మా చిన్నక్కకు ఇచ్చేవారు. నేను లాగితే ఇటు, ఆమె లాగితే అటు. చేతులు గుంజేసరికి మా చిన్నవ్వ బీడీల తంబాకు చిటికెడు తీసి తడిగుడ్డలో మూట కట్టి అద్దానికి రుద్దేది. అట్లా రుద్దితే నీళ్లు చుక్కలు చుక్కలుగా నిలవకుండా జారిపోయి తొవ్వ కనబడేది. మా జిల్లాలో ఏ ఇంట్లో చూసినా తునికాకు, తంబాకు ఉండేవి గనుక వాన ఎప్పుడు పడ్డా మందు చేతిలోనే ఉండేది. కాళ్ల కింది రేకును తుప్పు తినేసిన చోట గోనె వేసి తొక్కి పెట్టుకునేవాళ్లం. గుంటలో చక్రం పడితే ఆ గోనెను ఎత్తుకొని నీళ్లు మోకాళ్ల దాకా చిమ్మేవి. పిల్లలం ఆ సీటు కోసమే కొట్లాడుకునేవాళ్లం.

ఇంకా ఉన్నాయి దాని గుణాలు. స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పితే హారన్ తనంతట తానే మోగేది. మూలమలుపు తిరగకముందే ఊరంతటికీ మేము వస్తున్నామని తెలిసిపోయేది. ఫస్ట్ గేరుకూ రివర్స్‌కూ మధ్యలో గేరు రాడ్ ఇరుక్కునేది. కాక దిగి బానెట్ ఎత్తి, లోపలి కడ్డీలను చేత్తో విడదీసి రావాలి. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు, ఎవరో ఒకరు దిగి బయటి నుంచి తియ్యాలి. అందుకని కొత్త చుట్టాలను ఆ పక్కన కూర్చోబెట్టి, ఇల్లు రాగానే పెద్దబాపే దిగి తలుపు తీసేవాడు. వాళ్లు ఎంతో మర్యాద అనుకొని పొంగిపోయేవారు. మర్యాద కూడా నిజమే, పెద్దబాపు ఏ తలుపుకైనా అట్లాగే దిగేవాడు.

ఆర్మూర్‌లో ఒక మిస్త్రీ సాయబు ఉండేవాడు. కారు శబ్దం వినే రోగం చెప్పేవాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్ల మధ్యన ఎమ్రీ కాగితం ముక్క దూర్చి రెండు సార్లు గుంజి, ప్లగ్గులు విప్పి మసి గీకి, నోటితో ఊది, మళ్లీ బిగించేవాడు. పసుపు పోసిన సంగతి రేడియేటర్ విప్పగానే తెలిసిపోయేది. "పటేలా, పసుపు కూరల మంచిది. గీ గొట్టాలన్నీ పూడుకపోతయ్" అని మెత్తగా చెప్పి, గొట్టాలు శుభ్రం చేసి, టాకా వేసి ఇచ్చేవాడు. పెద్దబాపు తలూపేవాడు, మళ్లీ తొవ్వలో నీళ్లు కారితే పసుపే పోసేవాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం ఉండేది కాదు. రంజాన్‌కు ఆయన ఇంటి నుంచి సేమియా వచ్చేది, ఉగాదికి మా ఇంటి నుంచి బక్షాలు పోయేవి, కొత్త పసుపు దంచగానే మొదటి డబ్బా ఆయనకే. "ఇంజను మంచిగనే ఉంది పటేలా, దాని సుట్టు ఉన్నయే ముసలైనయ్" అని ఆయన అంటే పక్కన మా బాపమ్మ, "నా సంగతి సుత గంతే సాయబూ" అనేది.

ఆగిపోయే కారు కావడం వల్ల మాకు తొవ్వ అంతా తెలిసింది. అప్పుడు మా ఊరి మీదుగా పోయే సడక్ 7వ నంబర్ జాతీయ రహదారి. కాశీ నుంచి కన్యాకుమారి దాకా పోతుందని బడిలో సార్ చెబితే, మా బాపు కన్నా ఎక్కువ దూరం తిరిగినట్టు ఆ సడక్‌ను చూసేవాళ్లం. పోచంపాడు దిక్కు పోతే ఒక చెట్టు, ఆర్మూర్ దిక్కు పోతే ఒక చెట్టు మా కారు నిలిచే చెట్లుగా స్థిరపడిపోయాయి. నాగ్‌పూర్ దిక్కు నుంచి వచ్చే లారీల సర్దార్లు మమ్మల్ని చూసి బండి ఆపి, తాడు కట్టి ముందూరి దాకా లాగిపెట్టి, పైసలిస్తే చెయ్యి అడ్డం పెట్టి పోయేవారు. అంకాపూర్ దగ్గర ఆగిపోతే మాత్రం ఎవ్వరికీ బాధ ఉండేది కాదు. సడక్ పక్కన నిప్పుల మీద కాల్చే మక్క కంకుల వాసన రాగానే, కారు ఇంకొంచెం సేపు చల్లబడితే బాగుండునని మేము దేవునికి మొక్కేవాళ్లం.

మా తమ్మునికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర పోయిన రోజు, పొద్దున బయలుదేరి పోయేసరికి పొద్దు వాలింది. తొవ్వలో నిలిచిన చోటల్లా బాపమ్మ చెంగు పరుచుకొని కూర్చొని ఒక కథ మొదలుపెట్టేది. పోచంపాడు డ్యాం కట్టకముందు గోదావరి ఎట్లా ఉండేదో, 1963లో నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన రోజు జనం ఎట్లా కదిలిపోయారో, నీళ్ల కింద మునిగిన ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు ఎవరెవరి ఇండ్లలో తలదాచుకున్నారో, అన్నీ ఆ చెట్ల కిందనే విన్నాను. ఇంట్లో ఉన్నప్పుడు ఆమెకు అంత తీరిక ఎక్కడిది? పసుపు ఏరడం, బర్రెలకు కుడితి, కోడండ్లకు పని పంచడంతోనే దినం గడిచేది. కారు నిలిచినప్పుడే ఆమె చేతులు ఊరికే ఉండేవి.

ఒక వానాకాలపు అర్ధరాత్రి ఎదురింటి వదినెకు నొప్పులు మొదలైనయి. అంతకుముందు నాలుగు రోజుల నుంచి ముసురు, ఎత్తు మీద బురద, రాళ్లు తీస్తే కారు పక్కకు జారుతుంది. మా బాపు లాంతరు పట్టుకొని ఒక్కో తలుపు కొట్టాడు. లేవని ఇల్లు లేదు. ముందర గోనెలు పరుచుకుంటూ కొందరు, వెనక భుజాలు ఆనించి కొందరు, మా గల్లీ నుంచి సడక్ దాకా ఆ కారును నడిపించుకుంటూ పోయారు. సడక్ ఎక్కాక ఇంజను అందుకుంది. ఆర్మూర్ దవాఖానాలో తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. పెద్దబాపు ఆ వార్త తేగానే, ఎవరూ చెప్పకుండానే గల్లీ అంతా కలిసి ఆ పొద్దున కారు కడిగారు.

దసరాకు దానికి నిజంగానే రాజభోగం. కాలువ దగ్గరికి తీసుకుపోయి పీచుతో రుద్ది కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లం. సద్దుల బతుకమ్మకు మిగిలిన గునుగు, తంగేడు కూడా దాని మూతికే కట్టేవారు. పాలపిట్టను చూడటానికి చేన్ల దిక్కు అందులోనే పోయి, జమ్మి తెచ్చి ఇంటింటికీ పంచేవాళ్లం. పెండ్లిళ్ల కాలం వస్తే ఊళ్లో ఏ పిల్లగాడు పెండ్లికొడుకైనా ఊరేగింపు ఆ కారులోనే. మధ్యలో ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఆగితే బ్యాండువాళ్లు ఇంకో పాట ఎత్తుకునేవారు, దోస్తులు నూకుతూనే చిందులు వేసేవారు, పెండ్లి ఇంకో గంట నడిచేది.

1983 చివర దేశంలోకి మారుతి 800 వచ్చింది. మా ఊరి దాకా చేరడానికి ఇంకొన్ని ఏండ్లు పట్టింది గాని, వచ్చాక చెవి తిప్పితే చాలు స్టార్ట్ అయ్యే కారు అంటే ఏమిటో మేమూ చూశాం. మనిషికి ఇంత అని తీసుకొని ఆర్మూర్ దాకా దించే కమాండర్ జీపులు వచ్చాయి. ఊరి పిల్లలు గల్ఫ్ పోయి పైసలు పంపారు, ఇండ్ల ముందర మోటార్ సైకిళ్లు నిలిచాయి. మా అంబాసిడర్ మెల్లగా కొట్టంలోకి చేరింది. మొదట దాని మీద గోనెలు ఆరేశారు, తర్వాత వెనక సీటులో కోడి గుడ్లు పెట్టింది, ఆ తర్వాత ఒక పాత సామాన్ల వ్యాపారి వచ్చి కాంటా వేసి తీసుకుపోయాడు. పెద్దబాపు ఆ పైసలు లెక్కపెట్టకుండా బాపమ్మ చేతిలో పెట్టాడు. ఆమె, కారు నూకిన ఇండ్లన్నిటికీ శనగలు, బెల్లం పంచిపెట్టించింది. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివినప్పుడు వాళ్లిద్దరూ లేరు. కాకకు చదివి వినిపిస్తే, "మంచి ఇనుము పెట్టిన్రు దానికి" అన్నాడు.

ఇప్పుడు ఆ సడక్ నంబరు 44 అయ్యింది, నాలుగు వరసలు అయ్యింది. మా ఇంటి కారు ఎండాకాలమూ ఆగదు, వానాకాలమూ ఆగదు. రోగులు తొందరగా దవాఖానా చేరుతున్నారు, అంతకన్నా కావలసింది ఏముంది? పాత రోజులే రావాలని నేను కోరుకోను. ఆ రాత్రి మా వదినెకు ఈ కారు ఉండి ఉంటే ఆమె అంత బాధ పడేది కాదు. కానీ తన ఒక్కడి బలం మీద కదలని వస్తువు ఇంట్లో ఉండటం వల్ల, మా పెద్దబాపు ప్రతి పొద్దునా పక్కింటి మనిషిని అడగవలసి వచ్చింది. అడిగిన నోరు ఇవ్వకుండా ఉండలేకపోయింది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం కారు పోయినా పోలేదు.

మా ఇంట్లో పెండ్లి కార్డులు పంచే వరస ఇప్పటికీ బాపమ్మ పెట్టిందే. ముందు దేవుని దగ్గర, తర్వాత కారు నూకిన ఇండ్లకు, ఆ తర్వాతే చుట్టాలకు. ఆ ఇండ్లలో కొందరు నిజామాబాద్ చేరారు, కొందరు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, ఆర్మూర్ మిస్త్రీ సాయబు కొడుకు కూడా ఆ వరసలోనే ఉన్నాడు. మొన్న మా అన్న మనవరాలి పెండ్లికి కార్డులు రాస్తుంటే, "వీళ్లు మనకేమైతరు తాతా?" అని ఆ పిల్ల అడిగింది. కాక కండ్లద్దాలు సవరించుకొని, ఏ ఇంటి వాళ్లు డిక్కీకి ఏ పక్కన చెయ్యి వేసేవారో ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయాడు. మీ ఊళ్లోనూ అట్లాంటి ఇండ్లు ఉండే ఉంటాయి. శుభకార్యం పెట్టుకుంటే వాళ్లకు ఫోన్‌లో పంపకండి, బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, కాసేపు కూర్చొని రండి.